రెండో మడికి గుప్పెడు చక్కెర

కోడలమ్మకు మామయ్య దీవెనలు.
నువ్వు శిక్షణకు వెళ్ళినప్పటి నుంచి రోజూ అడవికి వెళ్ళి నీ పరిశోధన మళ్ళు చూసి వస్తున్నాను. నేల కింద వేడి తీగలున్న మూడూ పక్కవాటికంటే అయిదు డిగ్రీలు వెచ్చగానే ఉన్నాయి. కానీ మూత పెట్టి మట్టి వదిలే గాలిని, అదే నువ్వనే మట్టి ఊపిరిని, కొలిస్తే రెండో మడి బాగా నీరసంగా ఉంది. నలభై ఏళ్ళు బేకరీ నడిపినవాణ్ణి, పులిసే పిండికి ఒంట్లో బాగా లేకపోతే ఇట్టే పసిగడతాను. ఏం చెయ్యమంటావు?
మీ మామయ్య
తా.క.: తన ఊపిరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కొలిచానా అని మీ అత్తయ్య అడుగుతోంది.

మామయ్యగారికి నమస్కారాలు.
కంగారు పడకండి. నేల వెచ్చబడిన కొత్తలో మట్టిలోని సూక్ష్మజీవులు మెత్తటి తిండంతా గబగబా తినేశాయి. ఈ పద్నాలుగేళ్ళలో అది అయిపోయి ఆకలికి నీరసించాయి. ఇక మిగిలిన గట్టి చెక్కపొట్టు తినడం నేర్చుకుంటాయా అన్నదే మా పరీక్ష. మీరు వాటిని చూసుకుంటూ ఉండండి, చాలు.
మీ కోడలు
తా.క.: అత్తయ్యగారి ఊపిరి ముందు కొలవండి.

కోడలమ్మకు దీవెనలు.
నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. తిండి లేక నీరసించాయని అంత మామూలుగా ఎలా రాశావమ్మా? చూసుకోమన్నావుగా, చూసుకున్నాను. గుప్పెడు చక్కెర గోరువెచ్చని నీళ్ళలో కలిపి రెండో మడికి పోశాను. మర్నాటికి ఊపిరి మూడింతలైంది. అంతా నీ కొలతల పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఎల్లుండి మిగతా రెండింటికీ పోస్తాను.
మీ మామయ్య
తా.క.: తీగలు లేని మళ్ళు చిన్నబుచ్చుకుంటాయేమో, వాటికీ తలా కాస్త పొయ్యనా?

మామయ్యగారికి నమస్కారాలు.
దయచేసి ఇంక దేనికీ పొయ్యకండి. చూసుకోమంటే కనిపెట్టి ఉండమని నా ఉద్దేశం. సరిగ్గా రాయకపోవడం నా తప్పే. పద్నాలుగేళ్ళుగా ఆ మళ్ళలో బయటి తిండి పడకుండా కాపాడుకొచ్చాం. మా ప్రొఫెసరుగారికి చెప్పక తప్పదు కనక ఆయనకూ రాశాను.
మీ కోడలు
తా.క.: మీ సంతకం మాత్రం కొట్టెయ్యకండి. జరిగింది జరిగినట్టే ఉండాలి.

కోడలమ్మకు దీవెనలు.
మిగతావాటికి పొయ్యలేదు, మీ అత్తయ్య చక్కెర డబ్బా దాచేసింది. నిన్న మీ ప్రొఫెసరుగారు వచ్చారు. తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన పుస్తకం రెండుసార్లు చదివి మడి పక్కనే కూలబడ్డారు. అవి వేడికే చచ్చాయని ఆయన, ఆకలికి నీరసించాయని నువ్వు, ఏడేళ్ళుగా వాదించుకుంటున్నారట. “చచ్చినవి చక్కెర తినవు. మీ కోడలిదే నిజమేమో” అన్నారు మెల్లగా. తర్వాత గుప్పెడంటే ఎంతో తేల్చడానికి నా గుప్పిట్లోకి చక్కెర పోయించి, తూచి రాసుకున్నారు.
మీ మామయ్య
తా.క.: రెండో మడి మీ పరీక్షకు ఇక పనికిరాదట. దాన్ని నాకే అప్పగించి, వారం వారం గుప్పెడు పొయ్యమన్నారు. మీ అత్తయ్యకు ఈ మాట నువ్వే రాసి పెట్టు.