మిగిలిపోయిన బోల్టు

బావగారికి నమస్కారాలు.

మీ చెల్లెలు అలిగి మీ ఇంటికి వచ్చిందని మీరు అనుకుంటున్నట్టు తెలిసింది. అలాంటిదేమీ లేదు. మెకానిక్ అడిగిన డబ్బు వినగానే కళ్లు తిరిగి, కారు గేరుబాక్సు ఇంటి దగ్గర నేనే మార్చాను. తను కారు కింద నా పక్కనే పడుకుని టార్చి పట్టింది. అంతా బిగించాక ఒక బోల్టు మిగిలింది. కంపెనీవాళ్లు ఒకటి ఎక్కువే వేసి ఉంటారన్నాను. "ఇదెక్కడిదో చెప్పేదాకా నేనీ బండెక్కను" అని, ఆ బోల్టు కొంగున ముడేసుకుని మీ ఊరి బస్సెక్కింది.

అదెక్కడిదో నిన్న తెలిసింది. వీధి మలుపు తిరుగుతుంటే గేరుబాక్సు ఒక పక్క ఊడి రోడ్డు మీదికి వాలింది. ఇరుగుపొరుగువాళ్లు కారును తోసి ఇల్లు చేర్చారు. వాళ్లలో ఎవరూ నవ్వలేదని మాత్రం రాయలేను.

కాబట్టి, బోల్టు చోటు దొరికిందని మీ చెల్లెలికి చెప్పండి. ఎలా దొరికిందో చెప్పనక్కర్లేదు. బోల్టు ఒక్కటే పోస్టులో పంపిస్తానంటే ఒప్పుకోకండి. ఆ కన్నం ఇప్పుడు టార్చి లేకపోయినా కనిపిస్తోంది. కానీ టార్చి పట్టుకునే మనిషి పక్కన లేకపోతే నాకు బిగించడం చేతకావడం లేదు.

ఇట్లు,
మీ చెల్లెలి మొగుడు