గోరు దిగని టైర్లు

అమ్మడూ,

రేపు కారు రేసు ట్రాకు మీదికి ఆ "కొత్త" టైర్లతో వెళ్లకు. పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూశావా? 1417. అంటే రెండువేల పదిహేడో సంవత్సరం, పద్నాలుగో వారంలో పుట్టాయి. "రెండే రౌండ్లు తిరిగాయండీ" అన్నాడుగా నీకు అంటగట్టిన పెద్దమనిషి, నిజమే అయ్యుంటుంది. మిగతా కాలమంతా ఎండలో పడుకున్నాయి. రబ్బరు మెత్తగా ఉంటేనే మలుపులో నేలను పట్టుకుంటుంది. గోరు గుచ్చి చూశాను, గోరే విరిగింది. మా బడిలో పలక ఇంతకంటే మెత్తన.

నా మాట వినవని తెలుసు. అందుకే ఒక చక్రం విప్పించి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని మీ అత్తయ్య దగ్గరికి తీసుకుపోతున్నాను. మిగతా మూడింటితో ఎంత వేగంగా పోతావో పో.

తాత

తా.క.: ఫోను చేసి తిట్టు, ఎంతసేపైనా వింటాను. నీ కారు బోల్తా పడిందన్న ఫోను మాత్రం నేను వినలేను.