నలభై వేల పెట్టె

రాయపూర్,
12 నవంబరు 2007

అన్నయ్యకు,

'ప్రియమైన' అని రాయబోయి ఆగాను. ఫోనులో నా మాట పూర్తి కానివ్వవు గనుక కాగితం మీద చెబుతున్నాను. "ఆరు నెలల్లో ఒక్క పెట్టె అమ్మలేకపోయావు, వీడియో గేముల గురించి ఆడదానికేం తెలుసు" అని విశాఖలో కూర్చుని తేల్చేశావు. పండరీ బజారులో ఈ నీ షాపులో పొద్దుటినుంచీ కూర్చునేది నేను.

చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. నల్లగా మెరిసే ఆ కొత్త వీడియో గేము పెట్టెను పిల్లలు అలమర అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు. తండ్రులు ధర అడిగి, "చాలీస్ హజార్? ఇంతకి పాత బైకే వస్తుంది కదమ్మా!" అని నవ్వుతారు. ఒక్కో ఆట మూడు వేలు. ఫుట్‌పాత్ మీద దొరికే వంద రూపాయల డిస్కులు ఇందులో ఆడవు. ఫ్లాట్ టీవీ లేకపోతే పాతదానికీ దీనికీ తేడాయే తెలియదు. ఇదంతా చెబితే నువ్వేమన్నావు? "ఏ టీవీలోనైనా అదిరిపోతుంది, పాత డిస్కులన్నీ ఆడతాయి అను" అన్నావు.

అన్నాను. ఈ సంగతి నీకు చెప్పలేదు. దసరా ముందు డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి దానియేలుగారు వచ్చారు. రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. పదో తరగతిలో ఫస్టొస్తే కొంటానని కూతురు హెలెన్‌కి మాటిచ్చారట, పీఎఫ్ డబ్బు తెచ్చారు. నీ అబద్ధాలు రెండూ నా నోటితో చెప్పి అమ్మాను. మర్నాడే తండ్రీకూతుళ్లు పెట్టె మోసుకుని వచ్చారు. ఆయన అరవలేదు. "సచ్ చెప్పు బేటా, తెలిసే చెప్పావా?" అన్నారంతే. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"తెలిసే చెప్పానండీ."

అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదన్న నీ బోర్డు కిందే నిలబడి డబ్బంతా తిరిగిచ్చేశాను. ఆ బోర్డు తీసేసి, ఈ పెట్టె కొనాలంటే ఇంట్లో ఏముండాలో, ఇందులో ఏవి ఆడవో హిందీలో రాసి తగిలించాను. చేతనైతే వచ్చి పీకు.

కల్యాణి

*

విశాఖపట్నం,
18 డిసెంబరు 2007

కల్యాణికి,

నీ బోర్డు పీకించాను, నిన్నూ మానిపించాను. నెల తిరక్కుండానే మా బావమరిది తరుణ్ ఒక పెట్టె అమ్మాడు. ఎవరో రైల్వే వాళ్లావిడట, బేరం కూడా ఆడకుండా పట్టుకెళ్లింది. తప్పు వస్తువుది కాదు, నీ నోటిదని తేలిందిగా? బుద్ధిగా ఉంటానంటే చెప్పు, తరుణ్‌కి సాయంగా పెట్టుకుంటాను.

మహేంద్ర

*

రాయపూర్,
3 జనవరి 2008

అన్నయ్యకు,

తరుణ్ అమ్మింది మాకే.

ఆ వచ్చినావిడ దానియేలుగారి భార్య రత్నకుమారిగారు. నీ అబద్ధాలు రెండూ తరుణ్ అప్పజెబుతుంటే తలూపుతూ విన్నారట. ఇంటికొచ్చి నాకు చెబుతూ పడీపడీ నవ్వారు.

నువ్వు నన్ను మానిపించిన వారానికి దానియేలుగారు కూతురితో మా గుమ్మంలోకొచ్చారు. "మా వల్ల నీ నౌకరీ పోయిందట కదా బేటా" అని తల దించుకున్నారు. హెలెన్ మాత్రం తల దించుకోలేదు. "మా క్లాసులో అందరికీ అది ఆడాలనుంది ఆంటీ. కొనేవాళ్లే ఎవరూ లేరు" అంది. ఆరు నెలలు ఆ అలమర ముందు కూర్చున్నా నాకు తట్టని మాట అది. పెట్టె వాళ్లు కొన్నారు, నా గాజులమ్మి ఫ్లాట్ టీవీ నేను కొన్నాను. కాలనీ గేటు అవతల గది తీసుకున్నాం. గంట ఆటకి ఇరవై రూపాయలు. ఆదివారం చర్చి వదలగానే గది నిండిపోతుంది. ఏ ఆట బాగుందో, ఏది దండగో అడిగినవాళ్లకి ఉన్నదున్నట్టు చెబుతాను. ఎవరూ వెనక్కి పోవడం లేదు.

నీ సాయం ఉద్యోగం నాకొద్దు. అలమరలో ఇంకా ఎనిమిది దుమ్ము పట్టి ఉన్నాయట. మాకు రెండోది కావాలి. ఈసారి నేనే వస్తాను, బేరం ఆడతాను. తరుణ్‌ని నాకు కుర్చీ వెయ్యమను.

కల్యాణి