రెండో ఓటీపీ

హోసూరు,
ఆదివారం.

నాయినకు వందనాలు. అమ్మకు, చెల్లెకు కూడా. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది, నా గురించి బెంగ వద్దు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్ మధ్యలో పెట్టేసినందుకు కోపంగా ఉంటావు. ఫోన్‌లో నీకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. రాస్తే చెప్పగలను.

ఇక్కడ చలి ఎక్కువ. హాస్టల్లో పొద్దున ఇడ్లీ, ఒక్కోసారి రాత్రి కూడా ఇడ్లీయే. పచ్చిమిరపకాయ తొక్కు అయిపోయింది. మన డోర్నకల్ నుంచి ఎవరైనా ఇటు వస్తే ఒక డబ్బా పంపమని అమ్మకు చెప్పు. ఫ్యాక్టరీలో నన్ను జీతాల సెక్షన్‌లో కూర్చోబెట్టారు. కార్మికుల పీఎఫ్ కాగితాలు చూడడమే పని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేదు.

మొదటి వారంలోనే మా సెక్షన్ మేడం చెప్పింది. పదేళ్ల సర్వీసు నిండితేనే యాభై ఎనిమిదేళ్లకు నెలనెలా పింఛను వస్తుందట. పది నిండకముందే పీఎఫ్‌లోని పింఛను భాగం తీసేసుకుంటే అప్పటివరకు చేసిన సర్వీసంతా చెరిగిపోతుందట. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు.

నీ ఫారాలు రాసింది నేనే కదా. స్టేషన్‌లో బోగీలు కడిగే కాంట్రాక్టు మారినప్పుడల్లా మన గల్లీకి పీఎఫ్ పండుగ. ఒకరింట్లో మాంసం, ఒకరింట్లో కొత్త టీవీ. ఏడో తరగతి పిల్లనైన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అందరూ కాగితాలు ముందర పెట్టేవారు. "గీ బిడ్డ రాస్తె ఒక్క ఫారం వాపస్ రాదు" అని యాకయ్య పెదనాయిన అంటే నువ్వు మీసం దువ్వుకునేవాడివి. కాన్వెంట్ సిస్టర్లు నేర్పిన గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో, కాంట్రాక్టు మారినప్పుడల్లా కొంత కొంతగా, నీ పన్నెండేళ్ల సర్వీసు చెరిపేశాను. అందులో ఒకసారి వచ్చిన డబ్బు నా స్కూలు ఫీజుకే పోయింది.

మొన్న మళ్లీ కాంట్రాక్టు మారింది. నెట్ సెంటర్ అన్న ఫోన్ చేశాడు. నీ ఆధార్‌కు నా నంబరే ఉంది కాబట్టి ఓటీపీ నాకు వస్తుంది. మొదటిది పీఎఫ్ డబ్బుకు. చెప్పాను.

"ఇంకోటి వచ్చింది సూడు చెల్లె, పింఛన్‌ది. జల్ది చెప్పు, లైన్ల మంది ఉన్నరు" అన్నాడు. నేను ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. నువ్వు ఫోన్ తీసుకున్నావు.

"ఏందే, నంబర్ చెప్పనీకి గింత సేపా?"

"అది తీయొద్దు నాయినా."

"అందరు తీస్తున్నరు, నేనొక్కన్నే పిచ్చోణ్నా? కాంట్రాక్టర్ పోయినంక గవి ఎవడిస్తడు? చెల్లె ఫీజు నువ్వు గడ్తవా?"

వెనక యాకయ్య పెదనాయిన నవ్వాడు. "బిడ్డ ఆఫీసర్ అయింది గదరా! నాయిన పైసలకే తాళమేసింది."

"పైసలు నాయా, నీయా?" అని అరిచావు. నేను ఫోన్ పెట్టేశాను.

డబ్బు నీదే. కాని నీకిప్పుడు యాభై. మొన్న అయిపోయిన కాంట్రాక్టులో చేసిన మూడేళ్ల సర్వీసు అట్లాగే ఉంచితే కొత్త కాంట్రాక్టరు దగ్గర ఇంకో ఏడేళ్లకు పది నిండుతాయి. చెరిపేస్తే, యాభై ఎనిమిదికి మిగిలేవి ఎనిమిదేళ్లే. ఎనిమిదికి పింఛను ఇవ్వరు. కాంట్రాక్టరు పోయినా ఆ సర్వీసు నీ పేరు మీదే ఉంటుంది. నెలనెలా వచ్చే పింఛను పెద్ద మొత్తమేమీ కాదు, అమ్మ మందులకు సరిపోతుందేమో. అయినా ఎవరినీ అడగక్కర్లేదు. నన్ను కూడా. చెల్లె ఫీజు నేను కడతాను.

పెదనాయినకు యాభై ఏడు వచ్చాయి కదా. ఆయన ఫారాలూ నేనే రాశాను. ఆయనకు ఇక నిండవు. ఆయన నవ్వినందుకు నాకు కోపం లేదు. ఈ సంగతి ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇదంతా చెల్లె చేత చదివించుకున్నాక కూడా తీయాలనే అనిపిస్తే నెట్ సెంటర్ నుంచి మళ్లీ ఫోన్ చెయ్యి. కొత్తగా వచ్చే నంబరు చెబుతాను, ఎదురు మాట్లాడను. కాని ఇన్నాళ్లూ మనిద్దరం తెలియక చేశాం. ఈసారి తెలిసి చేస్తాం.

గల్లీలో పెద్దలందరికీ నా వందనాలు. ప్రార్థనలో నన్ను మరిచిపోవద్దని అమ్మకు చెప్పు.

నీ బిడ్డ,
కరుణ