పురుట్లో ఇచ్చిన సిమ్

సోమవారం
నేను కట్టిన యాప్‌లోంచి నన్నే తీసేశారు. "మీకు అనుమతి లేదు" అని స్క్రీన్ మీద. ఆ వాక్యం కూడా నేను రాసిందే.

నిన్నటిదాకా ఇరవై ఒక్క రోజుల పురుడు. చెవులకు గుడ్డ, మూసిన తలుపు. "బాలింతవు, ఫోన్ జూస్తే కండ్లు బోతయ్" అని అత్త. రేపు పాలు ఎవరికి కావాలో, ఎవరికి వద్దో మా ఉప్పుగూడ బస్తీ అంతా ఆ యాప్‌లోనే చెబుతుంది, ఆగకూడదు కదా... సిమ్ తీసి మల్లేశ్ బావ చేతిలో పెట్టాను. మా ఆయన సొంత అన్న. సొంత. సిమ్ ఉంటే ఓటీపీ అతనికి. ఓటీపీ వస్తే యాప్ అతనిది.

కాలేజీ మొహం చూడలేదు నేను. పగిలిన ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. తెలివంతా అక్కడే అయిపోయినట్టుంది.

మంగళవారం
అడిగాను. బర్రె పిండుతున్నాడు, తల ఎత్తలేదు.
"సిమ్ ఇయ్యుండ్రి బావా."
"పిల్లతల్లివి. నీకెందుకు పిల్లా గీ ఫికర్? నువ్వు నీ బిడ్డకు పాలియ్యి. బస్తీకి నేనిస్త."
పక్కనున్న పాలు పోసేవాళ్లు నవ్వారు.

బుధవారం
పాపకు జ్వరం. చంక దిగదు. సిమ్ సంగతి ఏమీ చేయలేదు.

గురువారం
ఆడవాళ్ల కంపెనీలకు ఊతమిచ్చే ఆఫీసు ఇంటర్వ్యూకు పిలిచింది, నన్ను కాదు. సోమవారం. ఏడో నెలలో ఫారం ఇచ్చింది నేను. ఆడమనిషి ఉండాలి కాబట్టి బావ తన భార్యను నిలబెట్టాడు. ఆఫీసువాళ్లు నా సంగతి అడిగితే "కాన్పయినంక ఆమెనే వద్దన్నది" అన్నాడట. నమ్మారు. ఎందుకు నమ్మరు... ఫారం తీసుకుంటూ వాళ్లు నన్నడిగిన ఒకే ప్రశ్న, "డెలివరీ ఎప్పుడమ్మా?"

సాయంత్రం యారాలు, అదే బావ భార్య, వచ్చింది, పాపకు జుబ్బా పట్టుకుని.
"నాకేం తెల్వదు చెల్లె. దస్కత్ పెట్టుమన్నడు, పెట్టిన."
"యాప్ ఎట్ల కట్టినవని అడుగుతరక్కా."
"నువ్వు కాగితం మీద రాసియ్యరాదు. బట్టీ కొడత."
జుబ్బా చించాలనిపించింది. పాపకు వేశాను. సరిపోయింది.

శుక్రవారం
మా ఆయన — "అన్నతోని లొల్లి ఎందుకే. ఎవలు జేసినా ఇంట్లకే గద." నేను ఒక మాట అన్నాను. ఇక్కడ రాయను. బండి తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

శనివారం
బావకు పంపేది ముందు ఇక్కడ.

"సిమ్ నా చేతిల పెట్టుండ్రి. ఆ ఆఫీసుకు నా ముందట ఫోన్ జేసి, కట్టింది నేనే అని చెప్పుండ్రి. రేపు సాయంత్రం బర్రెలు పిండకముందే జవాబు గావాలె. లేకుంటే సోమవారం పాపను సంకనేసుకొని నేను గూడ వస్త. అక్క పక్కనే కూసుంట. యాప్ ఎట్ల కట్టినవని వాళ్లు అడిగితే నేను నోరు మెదప. అక్కనే చెప్పనిస్త."