నీ లాగిన్ తీసేశాను

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కాఫీ పళ్లు కొనే బండి ఏ ఊరికి ఏ రోజు వస్తుందో చెప్పే నీ యాప్ సోమవారం నుంచి మారడం లేదు. పాత తేదీ చూసుకుని పైఊరి వాళ్లు బస్తాలు మోసుకొచ్చారు. బండి లేదు, పళ్లు పులిసిపోయాయి.

కొత్త తేదీలతో యాప్‌ని క్లౌడ్‌కి పంపే ప్లగిన్‌లో ఇన్నాళ్లూ నీ సొంత లాగిన్ ఉంది. దాని గడువు తీరింది. నీ పాస్‌వర్డ్ నాకు తెలుసు. కొడితే మళ్లీ నీ పేరుతోనే నడిచేది.

అమ్మకి చెప్పాను. "ఆడంతేనే గుంటా. గోడౌన్ తాళంసెవి మొలతాడుకి కట్టుకునీవోడు. ఆడితోపాటే పూడ్సీసి, తాళం బద్దలుగొట్టినాం కదేటి" అంది.

అందుకే నీ పాస్‌వర్డ్ కొట్టలేదు. మనిషి పేరు కాకుండా 'బండి' అనే పేరుతో ఖాతా తెరిచి, యాప్ పంపడానికి మాత్రమే అనుమతిచ్చి, నీ లాగిన్ తీసేసి దాన్ని పెట్టాను. క్లౌడ్ రెండుసార్లు అనుమతి లేదంది. మూడోసారి కొత్త తేదీలు ఎక్కాయి.

యాప్ పంపిన చిట్టాలో 'పంపినవారు' అన్నచోట వరసగా నీ పేరే, చిట్టచివర 'బండి'. అమ్మకి చదివి వినిపించాను.

"నీ పేరెక్కడుందే?"

"ఎక్కడా లేదమ్మా."

"మంచిపని సేసినావు" అంది.