రామి అడిగిన నల్లదారం

టేకుమట్ల,
శనివారం మధ్యాహ్నం.

ప్రేమగల అమ్మకు,

నీ చిన్నబిడ్డ కల్పన ప్రభువు పేర వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల దంతాలపల్లిలో అందరం బాగున్నాం. భూపాలపల్లిలో నువ్వూ, కృపాకర్ అన్నా, వదినా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోనులో మాట సగమే వినబడుతున్నది, ఏదున్నా కాగితం మీద పెట్టమన్నావు కాబట్టి నాలుగు పేజీలు తెచ్చుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన మనిషికి ముందు మంచినీళ్లివ్వు. చదవడం అయ్యేదాకా పంపించకు.

పైన టేకుమట్ల అని చూసి కనుబొమలు ముడిచి ఉంటావు. ఇక్కడెందుకు ఉన్నానో చెప్తాను, కొంచెం ఆగు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. లోపలి గదిలో ఏరిన పత్తి కప్పుదాకా పోసి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా రెండు మూడు పోగులు బయటికొచ్చి, ఎండలో తేలి తేలి, ఈ కాగితం మీద వాలుతున్నాయి. వాటిని ఊదుకుంటూ రాస్తున్నాను. కళ్లు తెరిచి నిద్రపోయే పిల్లనని నన్ను వెక్కిరించేదానివి కదా, ఈ అరుగు మీదైతే నువ్వు కూడా అట్లాగే అయిపోతావు.

పోయిన ఉత్తరంలో అడిగిన వాటికి జవాబులు. దవాఖాన వెనక నువ్వు పెట్టిన సీతాఫలం చెట్టు ఈసారి విరగకాసింది. సగం కోతులు తిన్నాయి, సగం డాక్టర్ చంద్రమోహన్ గారు తిన్నారు, గింజలు మాకు మిగిలాయి. మీ అల్లుడికి తరిగొప్పుల బడి నుంచి బదిలీ ఇంకా రాలేదు. వారానికోసారి వచ్చి, నా వంటకు వంకలు పెట్టి పోతున్నాడు. ఇక కంప్యూటర్ పెట్టినాక దవాఖాన ఎట్లా నడుస్తున్నదని అడిగావు. సత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా, మళ్లీ పనిలోకి ఎప్పుడొస్తుందని కూడా అడిగావు. ఆ రెండింటి జవాబూ ఒకచోటే ఉంది. రాయడానికే చెయ్యి రావడం లేదు.

నర్సు ఉద్యోగం నుంచి రిటైరై నువ్వు పెట్టిన ఆ నాలుగు గదుల దవాఖాన నా చేతికొచ్చి రెండేళ్లయింది. మధ్యాహ్నం పూట జనం పలచబడ్డాక బల్ల మీద చెంప ఆనించి నేను దాని గురించి కలలు కనేదాన్ని. గోడలన్నీ తెల్లగా ఉండేవి. చిరిగిన కార్డుల ట్రేలు ఉండేవి కావు. ఒక్క మీట నొక్కితే మనిషి జబ్బు చరిత్రంతా తెర మీదికి వచ్చేది. ఎంత బాగుండేదో ఆ కల. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తున్నది, అందులో ఒక్క మనిషి కూడా లేడు.

మన పాత పద్ధతి నీకు చూసి చూసి అలవాటు. నేను మాత్రం ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. గుమ్మం దగ్గర కూర్చునే సత్తమ్మకు చదువు రాదు. అయినా ఊరివాళ్లలో, తండావాళ్లలో ఎవరొచ్చినా వాళ్ల కార్డు చిటికెలో తీసిచ్చేది. కార్డుకు చిల్లు పెట్టి దారం కట్టేది. రంగును బట్టి జబ్బు, ముడులను బట్టి మనిషి. ఎరుపు షుగరు, తెలుపు బీపీ. నల్లదారమంటే ఆ మనిషికి ఫలానా సూది పడదని. పేరడగాల్సిన పనే లేదు. ఇదంతా ఈ రోజే అడిగి తెలుసుకున్నాను. ముందే అడిగి ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది.

కార్డులను స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించేందుకు దినేశ్ అని మానుకోట నుంచి ఒక ఆపరేటర్‌ను పెట్టుకున్నాను. "మేడం, దారాలు మెషిన్ల ఇరుకుతున్నయి" అన్నాడు. కత్తెర నేనే తీసుకున్నాను. రెండు రోజులు కూర్చుని కత్తిరించాను. నా కాళ్ల చుట్టూ ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు పోగులు పడి ఉంటే చూడటానికి ముచ్చటగా కూడా అనిపించింది.

రెండో రోజు సత్తమ్మ వచ్చి నిలబడింది. "అన్ని కోస్తున్నవా బిడ్డా?" అని అడిగింది.

"ఇగ వీటితోని పనిలేదు సత్తమ్మా, అన్నీ కంప్యూటర్ల ఉంటయి" అన్నాను, తలెత్తకుండానే.

ఆమె వంగి దారాలన్నీ ఏరి కొంగులో మూట కట్టుకుంది. మర్నాడు పనికి రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. బిడ్డ దగ్గరికి పోయిందని తెలిసింది. నీకేమో మోకాళ్ల నొప్పులతో మానేసిందని రాశాను. అబద్ధం రాశానమ్మా. నువ్వు నన్ను తిడతావని కాదు, ఏమీ అనకుండా ఊరుకుంటావని భయమేసింది.

ఇంకొకటి ఉంది. గుట్టకింది తండా రామి నీకు గుర్తుండే ఉంటుంది, దేవ్యా భార్య. పోయిన నెల కొడవలి తగిలి కాలు తెగి, వాచి, జ్వరంతో వచ్చింది. ముందే చెప్తున్నాను, ఇప్పుడు బాగుంది. కంప్యూటర్లో ఆ తండా రామిలు నలుగురున్నారు. దినేశ్ "భర్త పేరు చెప్పు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వయసు ఆడవాళ్లు మొగుడి పేరు పలుకుతారా? ఆ పిల్లగాడికేం తెలుసు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. అతను తెర మీది భర్తల పేర్లు ఒక్కొక్కటి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరుకే ఆమె తల ఊపేసింది, ఆ సిగ్గు నుంచి తప్పించుకుంటే చాలని. తెరుచుకున్నది వేరే రామి ఫైలు.

నేను పక్కనే ఉన్నాను, ఆమె మొగుడి పేరు అప్పటికి నాకూ తెలియదు. రామి నా చెయ్యి పట్టుకుని అడిగింది, "నా నల్లదారం ఏది బిడ్డా?" అని. నేను నవ్వాను. "ఇప్పుడు దారాలు లేవు అవ్వా, మిషిన్‌కు అన్ని ఎర్కనే" అన్నాను. ఆమె మళ్లీ అడిగింది. నేను మళ్లీ నవ్వాను.

డాక్టర్ గారు తెర చూసి సూది రాశారు. ఇచ్చిన అయిదు నిమిషాలకు ఆమె పెదవులు ఉబ్బాయి, ఊపిరి అందలేదు, నాడి జారిపోయింది. డాక్టర్ గారు అక్కడే ఉండబట్టి విరుగుడు మందు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి నిలబెట్టారు. ఆ అరగంటా నేను ఆమె పాదాలు పట్టుకుని ఉన్నాను. తర్వాత మానుకోట పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రెండు రోజులకు ఇంటికొచ్చింది. నువ్వు ఎర్ర సిరాతో "ఈ సూది పడదు" అని రాసిన మాట ఆమె అసలు ఫైలులో చెక్కుచెదరకుండా ఉంది. మేం తెరవనిది ఆ ఫైలే.

కళ్లు తెరిచాక రామి నన్ను తిట్టలేదు. "నల్లదారం ఏదని అడిగిన గద బిడ్డా" అంది, అంతే. తిట్టినా బాగుండేది. ఆ వారం నుంచి గుట్టకింది తండా నుంచి మన గుమ్మం తొక్కినవాళ్లు లేరు. నాకేమో రోజూ ఒకటే కల. కార్డుల్లోంచి దారాలు లేచి, పొలాల మీదుగా సాగి సాగి, ఒక్కో ఇంటి తలుపు దాకా పోతుంటాయి. నా చేతిలో కత్తెర ఉంటుంది. కింద పెడదామంటే వేళ్లు ఊడిరావు.

అందుకే ఈ రోజు పొద్దున్నే బస్సెక్కి టేకుమట్ల వచ్చాను. ఈ అరుగు సత్తమ్మ బిడ్డ వాళ్లది. నేను వచ్చేసరికి సత్తమ్మ పత్తి ఏరి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. ఏమీ దాచకుండా చెప్పాను. రామి సంగతి విని ఆమె లోపలికి పోయి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. దాని నిండా ఆ దారాలే ఉన్నాయి.

"మళ్ల కట్టొచ్చా సత్తమ్మా?" అని అడిగాను.

"ఎట్ల కడతం బిడ్డా? ముడులు తెగినంక ఏది ఎవరిదో నాకే తెల్వదు. మనుషులొస్తే మొకం జూసి చెప్తగని."

నాకు కావలసింది అదే. కంప్యూటర్ తీసెయ్యను అమ్మా, అది మంచిదే. దినేశ్ పక్కన ఆమెకు కుర్చీ వేస్తాను. వచ్చిన ఒక్కొక్కరి ముఖం చూసి ఆమె చెప్తుంది, అతను ఫైలు తెరిచి పేరు పక్కన తెర మీద ఆమె రంగులే పెడతాడు. ఎవరూ ఎవరి మొగుడి పేరూ పలకనక్కర్లేదు. ఎన్ని నెలలు పట్టినా పట్టనీ. ముందుగా తండాకు నేనూ ఆమె కలిసి పోయి, రామి వాకిట్లో కూర్చుని ఈ సంగతి చెప్పి వస్తాం. ఇదంతా చెప్పి, రమ్మని అడిగాను.

"నేను పోయినందుకు మీ అమ్మకేమని రాసినవ్?" అని అడిగింది.

"మోకాళ్ల నొప్పులని."

"నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి" అంది. దారాల డబ్బా నా ముందు పెట్టినప్పుడు కూడా ఆమె ముఖంలో అంత కోపం లేదు. "ఇరవై రెండేండ్లు చేసిన. నొప్పులని తోలేస్తరా నన్ను? నిజం రాసియ్యి. నేనే తీస్కపోయి ఇస్త. మీ అమ్మ సదువుతది, నేను వింట. విన్నంక చెప్త, వచ్చేది రానిది."

కాబట్టి అమ్మా, ఉత్తరం తెచ్చిన మనిషి ఎవరో నేను చెప్పనక్కర్లేదు. ఇప్పటిదాకా మనసులో చదువుకుని ఉంటే మళ్లీ మొదటి నుంచి పైకి చదువు. కత్తెర దగ్గర, రామి దగ్గర గొంతు తగ్గించకు. నేను తప్పు రాసినచోట ఆమే ఆపుతుంది. విన్నాక రాను అంటే బతిమాలొద్దు. వస్తానంటే సోమవారం పొద్దున బస్సు దగ్గర నేను నిలబడి ఉంటాను.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. అన్నవాళ్ల క్వార్టరు మూడో అంతస్తులో కదా. సత్తమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయో, ఆమె ఆ మెట్లెక్కి వచ్చి నీ తలుపు కొట్టినప్పుడే నువ్వు చూశావు.

ఇట్లు,
అబద్ధమాడిన నీ చిన్నబిడ్డ
కల్పన